‘ఒకటి’ అని పిలిచి ఆగేది

ఖాలా పోయిందని మంగళవారం పొద్దున రెండో నంబరు ఫోన్ చేసి చెప్పింది. నేను గద్వాల బస్టాండులో, పాఠాలు చెప్పే బడికి వెళ్లే బస్సు కోసం నిలబడి ఉన్నాను. నిద్రలోనే పోయిందట. చివర్లో గొంతు తగ్గించి, “జుట్టంత తడిగుండెనే” అంది. జ్వరమని నుదుటి మీద తడిగుడ్డ వేసి ఉంటారులే అన్నాను. అది, ఖాలాకు జ్వరమే లేదని చెప్పి ఫోన్ పెట్టేసింది.

రెండో నంబరు అంటే నా చిన్ననాటి స్నేహితురాలు. నేను నాలుగో నంబరు. రాజోలిలో తుంగభద్ర ఒడ్డున ఖాలా మాకు ఈత నేర్పినప్పుడు పెట్టిన నంబర్లవి. నీళ్ల దగ్గర ఆడపిల్లల్ని పేరు పెట్టి పిలవకూడదని ఆమె పట్టింపు. పేరు వింటే నది గుర్తుపెట్టుకుంటుందట. మేం నవ్వేవాళ్లం గానీ, ఒక్కసారి కూడా పేర్లు పలకలేదు.

ఆమె నాకు చుట్టం కాదు, మా పక్కింటి ఆమె. వీధి అంతా ఖాలా, అంటే పిన్ని, అనేది కాబట్టి నాకూ ఖాలానే. భర్త నదిలో పుట్టి, అంటే గుండ్రటి తెప్ప, నడిపి జనాన్ని అవతలి ఒడ్డుకు చేర్చేవాడు. ఆయన పోయాక ఆమెకు మిగిలిన ఆస్తి పుట్టి కట్టే పొడవాటి తాడు, ఒక పాత తలుపు రెక్క. ఆ తలుపు వాళ్ల పెరటి వాకిలిది. నది వైపు తెరుచుకునే ఆ వాకిలికి తలుపు లేకుండా గోనెపట్టా వేలాడదీసి ఉంచింది. గాలి లేని మధ్యాహ్నాల్లో కూడా ఆ పట్టా కదిలేది. మేం చూసీ చూడనట్టు ఉండేవాళ్లం.

మా ఈత శుక్రవారం మధ్యాహ్నం. మగవాళ్లు సగం మంది జుమ్మా నమాజులో, సగం మంది పొలాల్లో ఉండే సమయం అదొక్కటే. ఉర్దూ బడి పిల్లలకు ఆ రోజు సెలవు. తెలుగు బడి వాళ్లం మాత్రం కడుపునొప్పి తెచ్చుకోవాల్సి వచ్చేది. ప్రతి శుక్రవారం తప్పకుండా వచ్చే ఆ నొప్పి గురించి మా సారు ఏమనుకున్నాడో పాపం.

మునగకుండా ఉండటం వచ్చాక ఖాలా మమ్మల్ని ఊరి దిగువన బండల దగ్గరికి తీసుకుపోయేది. అక్కడ నీళ్లు రాళ్ల మీంచి దూకి, అలగా లేచి, ఆ అల ముందుకు పోకుండా అక్కడే నిలబడి ఉంటుంది. తాడు ఒక బండకు కట్టి, తలుపు రెక్కను ఆ అల మీదికి వదిలేది. మొదట బోర్లా పడుకోవాలి. వారాలు గడిచాక మోకాళ్ల మీద లేవాలి. ఆ తర్వాత నిలబడాలి. మా అమ్మ చూసి ఉంటే అక్కడే మూర్ఛపోయేది.

చున్నీ ఒడ్డునే వదలమనేది, జుట్టు గట్టిగా ముడి వేయమనేది. “నీళ్లకు సిగ్గు తెల్వదు, మీరు గూడ గీడనే ఇడిసి రాండి” అనేది. నేను ఎప్పుడూ కాళ్ల వైపే చూసి పడిపోయేదాన్ని. “కాళ్ల దిక్కు జూస్తే కాళ్ల కాడనే పడ్తవ్. యాడికి పోవాల్నో గాడ జూడు. బరువు ఎనక కాలు మీదుంచు.” పడితే చాపలా పరుచుకుని పడాలి, ఎందుకంటే బండలు కిందే ఉంటాయి. ప్రవాహం లాగితే కొట్లాడకుండా అడ్డంగా జరగాలి. ఏ పిల్లయినా ఇవాళ నీళ్లలోకి రానంటే కారణం అడిగేది కాదు. తాడు చేతికిచ్చి, మిగతావాళ్లను పట్టుకునే పని అప్పగించేది.

ఒడ్డుకు వచ్చాక హాజరు పిలిచేది. “ఒకటి” అని ఆగేది. ఎవరూ పలికేవారు కాదు, ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదు. ఆమె నీళ్ల వైపు చూస్తూ, మా బట్టల నుంచి కారే చుక్కలు చప్పుడు చేసేంత సేపు ఆగేది. తర్వాత “రెండు” అంటే, మేం వరుసగా “ఉన్న”, “ఉన్న” అనేవాళ్లం.

నేను మొదటిసారి తలుపు మీద నిలబడిన రోజు మబ్బు పట్టి ఉంది. నీళ్లకు ఎర్రరంగు వచ్చింది. నాకు తల తిరిగేంత గర్వం. ఖాలా “ఒకటి” అని ఆగింది. నేను తమాషాకి, సన్న గొంతుతో “ఉన్న” అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. మిగతా నంబర్లు పిలవలేదు. తాడు చుట్టుకుని ఇంటికి నడిచింది, చాలా మెల్లగా, కుడిచేతి వేళ్లు సగం మూసి. చిన్నపిల్లను చేయిపట్టి నడిపించేవాళ్లు అలా నడుస్తారు.

ఆ వారంలోనే పెరటి వాకిలికి కొత్త తలుపు, గడియ పెట్టించింది. ఎందుకని మా అమ్మ అడిగితే, “బిడ్డ ఇంటికొచ్చినంక ఇంక తలుపు దేనికి తెరిచిపెట్టాలె” అందట. అప్పుడు అమ్మ నాకు ఆ కథ చెప్పింది. ఖాలాకు పన్నెండేళ్ల కూతురు ఉండేది. తల్లి పక్కన బట్టలు ఉతుకుతూ జారి కొట్టుకుపోయింది. కాలి పట్టీ కూడా దొరకలేదు. పుట్టి నడిపే ఇంట్లో పుట్టి కూడా ఆ పిల్లకు ఈత రాదు, ఆడపిల్లకెందుకని ఎవరూ నేర్పలేదు. తిరిగి వస్తే తట్టే పని ఉండకూడదని ఖాలా అప్పుడు తలుపు పీకించింది. ఇప్పుడు నా అబద్ధం నమ్మి గడియ పెట్టుకుంది.

శుక్రవారాలు ఆగలేదు గానీ, హాజరు ఇక రెండు నుంచే మొదలయ్యేది. అది వింటే నా కడుపులో నిజంగానే నొప్పి వచ్చేది. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఖాలా ముఖంలో వచ్చిన నెమ్మది చూసి వెనక్కి తగ్గేదాన్ని. ఏళ్లు గడిచిపోయాయి.

పోయిన రంజానుకు ఊరెళ్లినప్పుడు ఖాలా మంచాన పడి ఉంది. కాళ్ల దగ్గర కూర్చుని, ఆ రోజు “ఉన్న” అన్నది నేనేనని చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఖాలా నా చెవి పట్టుకుని మెల్లగా లాగింది.

“నీ గొంతు నాకు తెల్వదా బిడ్డా? నువ్వన్నది రెండోసారి. దానికి ముందుగాలనే ఒకపారి ఇనవడ్డది.”

నన్ను ఓదార్చడానికి అందో, నిజంగానే విందో ఈ రోజుకీ నాకు తెలియదు. నా గుండె మీది బరువు మాత్రం ఆ మంచం దగ్గరే దిగింది. ఆమెకు ఎంత రుణపడ్డానో చెప్పడం నా వల్ల కాదు.

మొన్న శుక్రవారం, నమాజు వేళకు, పాత నంబర్ల వాళ్లమంతా తలుపు రెక్క మోసుకుని బండల దగ్గరికి పోయాం. తాడు నా చేతికిచ్చారు. ఎవరూ నీళ్లలో దిగలేదు. తలుపు ఖాళీగా అల మీద టపటపా కొట్టుకుంటోంది. హాజరు నన్నే పిలవమన్నారు. “ఒకటి” అని ఆగాను.

ఎవరూ పలకలేదు. తాడు మాత్రం నా చేతిలో బిగిసింది. తలుపు కొట్టుకోవడం ఆపింది. వెనక కొస నాలుగు వేళ్ల మేర నీళ్లలో దిగింది, ముందు కొస లేచింది, రెక్క కదలకుండా నిలిచింది. బరువు వెనక కాలు మీద ఉంచడం బాగా నేర్చుకున్న పిల్ల ఎక్కితే అది అలాగే నిలబడుతుంది.

రెండో నంబరు నా పక్కనే ఉంది. తన నంబరు పిలవమని చాలాసేపు అడగలేదు.