గౌతమి నడుమ దోబూచి

మా పెద్దవాడు స్కూలు ఫైనలు పరీక్ష గట్టెక్కితే అంతర్వేది వస్తానని మా ఆవిడ మొక్కుకుంది. వాడు గట్టెక్కాడు. గట్టెక్కినవాడు ఎండలు మండిపోతున్నాయంటూ ఇంట్లో పడుకున్నాడు. మొక్కుకున్న పాపానికి ఆవిడా, ఆవిడని కట్టుకున్న పాపానికి నేనూ వైశాఖమాసంలో కాకినాడలో బయల్దేరాం. ఈ దారిన వెళ్ళాలనుకునేవారికి పనికొస్తుందని రాయడం మొదలుపెట్టాను గానీ, రాయాల్సింది దారి గురించి కాదని సగంలో తెలిసింది.

యుద్ధానికి ముందు కోటిపల్లి దాకా రైలుండేది. యుద్ధం రోజుల్లో పట్టాలు పీక్కుపోయారు, మళ్ళీ వేసే ఊసు లేదు. కాబట్టి బస్సే గతి. పొద్దున్న ఆరింటి బస్సుకి ఐదింటికే వెళ్ళినా మాకు వెనక చక్రం మీద సీటే దొరికింది. పక్కన తమలపాకుల బుట్టతో ఒకాయన కూర్చున్నాడు. ఇరుకుగా ఉందని నేను గొణిగితే, "సర్దుకుంటే ఇంకో ఇద్దరు పడతారండి, ఆయ్," అన్నాడు. రామచంద్రపురంలో అన్నట్టే ఇద్దరు ఎక్కారు. ఆ ఊళ్ళో బస్సు అరగంట ఆగుతుంది. ఇడ్లీ బాగుంటుంది, కాఫీ మాత్రం తాగకండి. ద్రాక్షారామంలో బస్సులోంచే గోపురానికి దణ్ణం పెట్టుకుని పది దాటాక కోటిపల్లి చేరాం.

రేవు గట్టెక్కి చూసేసరికి నా గొణుగుడు ఆగిపోయింది. ఎన్నిసార్లు చూసినా గౌతమి అక్కడ మనిషిని చిన్నబుచ్చుతుంది. అవతల ముక్తేశ్వరం కొబ్బరితోటలు సన్నటి పచ్చగీతలా ఉన్నాయి. ఆ గీతే కోనసీమ.

నది దాటడానికి పంటు ఉంది. రెండు పెద్ద పడవల్ని జతచేసి మీద బల్లలు పరుస్తారు. మనుషులు, మేకలు, బియ్యం బస్తాలు, ఎప్పుడైనా ఒక కారు, అన్నీ దానిమీదే దాటాలి. ఆ రోజు ఒక నల్లకారు కూడా ఉంది. యజమాని పేరు రాఘవయ్యగారు, అమలాపురం దగ్గర కొబ్బరితోటలూ వరిపొలాలూ ఉన్న పెద్దాయన. రామచంద్రపురంలో బంధువుల పెళ్ళి చూసుకుని భార్యనీ ఇద్దరు కోడళ్ళనీ తీసుకుని ఇంటికి వెళ్తున్నారు. ఉత్తరీయంతో కారు అద్దాల మీద దుమ్ము దులుపుతున్నారు. రేవులో చెట్టన్నది లేక నేను వెళ్ళి ఆ కారు నీడన నిలబడ్డాను. "కాస్త ఎడంగా నిలబడండి, రంగు పాడవుతుంది," అన్నారాయన. నాకు ఒళ్ళు మండింది. నీడ కూడా సొంతమేనా అని మా ఆవిడతో అన్నాను గానీ, ఆవిడ వినే ధ్యాసలో లేదు. ముంజెలు కొని ఒలుస్తోంది. ఆమె ఎదుట రెండున్నరేళ్ళ పిల్లవాడు నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

వాడు రాఘవయ్యగారి మనవడు, పెద్దకోడలు సుభద్ర కొడుకు. బుజ్జిబాబు అంటున్నారు. మూడు ముంజెలు తిని, నీళ్ళన్నీ చొక్కా మీద పోసుకుని, నాలుగోదానికి చెయ్యి చాచేసరికి నిద్ర ముంచుకొచ్చింది. చిన్నకోడలు వచ్చి భుజాన వేసుకుని వెళ్ళింది. మా ఆవిడ నాలుగో ముంజెను తాటాకులో చుట్టి దాచింది.

కారు పంటెక్కేటప్పుడు లోపల డ్రైవరు తప్ప ఎవరూ ఉండరు. బల్లలు జారితే ప్రమాదమని అందరూ ముందే దిగిపోతారు. ఆడవాళ్ళు దిగి మాతోపాటు పంటెక్కారు. డ్రైవరు అప్పారావు కారు ఎక్కించి, చక్రాలకింద కర్రముక్కలు పెట్టించాడు. రేవులో ఎవరో ఒకసారి లోపల చెయ్యి పెట్టి హారను మోగించారట. అందుకని అద్దాలన్నీ పైకెత్తి, తలుపులు బిగించి, తాళం వేసి, చుట్టలు కొనుక్కొస్తానని గట్టుమీదికి వెళ్ళాడు. ఇంతలో గాలి కలిసొచ్చింది. పాటు మొదలై నీరు తీస్తే రేవు దగ్గర ఇసుక తేలుతుందని పంటు నడిపే సరంగు తాడు విప్పించాడు. అప్పారావు గట్టుమీద నుంచి చేతులూపుతూ ఏదో అరిచాడు. చిన్నపడవలో రమ్మని రాఘవయ్యగారు సైగ చేశారు. మేమంతా నవ్వుకున్నాం కూడా.

నది మధ్యకు వచ్చాక మా ఆవిడ తాటాకు విప్పి, "బాబేడమ్మా? ముంజె ఉంచాను," అని సుభద్రను అడిగింది.

సుభద్ర అత్తగారి వైపు చూసింది. అత్తగారు చిన్నకోడలి వైపు చూశారు. చిన్నకోడలు, "కార్లో అత్తయ్యగారి పక్కన పడుకోబెట్టేను కదండీ," అంది. నిద్రపోయాడు కదా, దిగేటప్పుడు సుభద్ర తీసుకుంటుందనుకున్నానని పెద్దావిడ అన్నారు. ఉమ్మడి కుటుంబంలో పిల్లవాడు ఎప్పుడూ ఎవరో ఒకరి చంకలోనే ఉంటాడు. అందుకే ఎవరి చంకలో ఉన్నాడని ఎవరూ అడగరు. మా ఇంట్లోనూ అంతే.

కారుకి ఆడవాళ్ళ కోసం కట్టిన తెరలున్నాయి. వాటి సందులోంచి చూస్తే వెనక సీటు మీద పెళ్ళిమూటల మధ్య చిన్న కాలు ఒకటి కనిపించింది. రాఘవయ్యగారు కారు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశారు. అంతవరకు ఎండను తిట్టుకుంటూ కూర్చున్న మాకు, ఆ ఎండ ఎలాంటిదో అప్పుడు తెలిసింది.

"బుజ్జీ," అని సుభద్ర అద్దం మీద కొట్టింది. వాడు లేచాడు. మొహం కందిపోయింది, జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. అమ్మ కనిపించగానే ఏడుస్తూ వచ్చి, తెరలు లాగేసి అద్దానికి మొహం ఆనించాడు. ఏడుపు నోట్లో కనిపించింది గానీ బయటికి సరిగా వినిపించలేదు.

జనం అందరూ ఒక్కసారి అటు ఎగబడ్డారు. పంటు ఒరిగింది. చక్రం కింద కర్రముక్క కిర్రుమంది.

"ఎక్కడోళ్ళక్కడే ఉండండి బాబూ," అన్నాడు సరంగు. అరవలేదు. "కారు జారితే బాబుతో సహా గోదాట్లోకే."

వెనక్కి తిప్పితే ఎదురుగాలి, ముందుకు వెళ్తే ఇంకా సగం నది. తాళంచెవి కోసం దూరాన చేపలు పడుతున్న పడవను పిలిచారు, అది ఎప్పటికి వచ్చేను? లోపలి పిడి తిప్పమని పెద్దావిడ సైగలు చేశారు. వాడికేం తెలుస్తుంది? పడవవాళ్ళు డబ్బాలతో గౌతమిని తోడి కారు కప్పు మీద పొయ్యడం మొదలుపెట్టారు. మగవాళ్ళు ఉత్తరీయాలు తీసి తడిపి పైన పరిచారు. అంతర్వేది స్వామి ఎదుట వేసుకుందామని కొన్న నా కొత్త ఎర్రంచు ఉత్తరీయం కూడా వాటిలో పోయింది.

రాఘవయ్యగారు పడవ లంగరు తీసుకుని తలుపు అద్దం మీదికి ఎత్తారు. తాత కనిపించేసరికి పిల్లవాడు ఆ అద్దానికే వచ్చి అతుక్కున్నాడు. ఆయన ముందు తలుపు దగ్గరికి వెళ్ళారు. వాడు సీటు మీదుగా పాకి అక్కడికీ వచ్చాడు. ఎటు వెళ్తే అటే. ఎవరు కనిపిస్తే వాళ్ళ దగ్గరికే. లంగరు పట్టుకున్న ఆ చెయ్యి కిందికి వాలిపోవడం నేను చూశాను. వాడి ఏడుపు కూడా నీరసపడుతోంది.

కోడళ్ళు నలుగురిలో మామగారితో మాట్లాడే ఇల్లు కాదది. సుభద్ర ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది.

"మావయ్యగారూ, వాణ్ణి అటుపక్క అద్దం దగ్గర నేను ఆపుతానండి. మీరు ఇటు కొట్టండి. కొట్టేటప్పుడు ఎవరూ మాట్లాడొద్దు."

అటుపక్క అంటే నీళ్ళవైపు. కారు పంటు అంచుకి ఆనుకుని ఉంది. అక్కడ పాదం పట్టేంత బల్ల కూడా లేదు. దానికింద గౌతమి. మా ఆవిడా చిన్నకోడలూ రెండు తడి ఉత్తరీయాలు ముడివేసి ఆమె నడుముకి కట్టి, కొసలు పట్టుకుని కారు వెనక నిలబడ్డారు. సరంగు చెయ్యి చూపించగానే మిగిలిన వాళ్ళమంతా ఒక్కొక్క అడుగే రెండోవైపుకి జరిగాం. సుభద్ర తలుపు పిడి పట్టుకుని, మడమలు గాల్లో ఉంచి, వెనక అద్దం దాకా వెళ్ళింది.

అక్కడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తీసింది.

"దోబూచి."

పిల్లవాడు అటు తిరిగాడు. ఆమె మళ్ళీ దాక్కుంది, మళ్ళీ కనిపించింది. నవ్వుతోంది. కారులోంచి అడ్డంగా నాకు ఆమె మొహం పూర్తిగా కనిపిస్తోంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నోరు మాత్రం ఇంట్లో నులకమంచం మీద కూర్చుని ఆడించే తల్లి నవ్వు నవ్వుతోంది. నేను చాలా గుళ్ళు చూశాను, కొండలెక్కాను. ఆ నవ్వు ముందు నిలబడ్డట్టు ఎక్కడా నిలబడలేదు.

వాడు ఏడుపు ఆపి ఆ అద్దం దగ్గరికి పాకాడు. పంటు మీద నలభై మందిమి ఉన్నాం, ఒక్కరు దగ్గలేదు. పడవవాళ్ళు గెడలు నీళ్ళలో ఉంచి అలాగే ఆగిపోయారు. ఒకావిడ తన చంటిదాని నోటికి రొమ్ము అందించి మరీ మౌనంగా ఉంచింది. రాఘవయ్యగారు చప్పుడు తగ్గాలని లంగరు మొనకి గుడ్డ చుట్టి, ముందు తలుపుకున్న చిన్న అద్దం మీద కొట్టారు. అది పగల్లేదు. పిల్లవాడు తల తిప్పబోయాడు.

"దోబూచి," అంది సుభద్ర ఇంకాస్త గట్టిగా, గలగలా నవ్వి.

రెండో దెబ్బకి అద్దం పొడిగా రాలింది. ఆయన ఆ సందులోంచి మోచేతి దాకా చెయ్యి పెట్టి గడియ తీశారు. చెయ్యి చీరుకుపోయి నెత్తురు కారుతోంది. తలుపు తెరవగానే పొయ్యి ముందు కూర్చున్నట్టు వేడి వచ్చి మొహాలకి కొట్టింది. ఆయన లోపలికి వంగి మనవణ్ణి ఎత్తుకుని బయటికి వచ్చారు.

వాడు ముందు కొంచెంసేపు వాలిపోయి ఉన్నాడు. నీడపట్టి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, ఎవరో కొట్టిచ్చిన కొబ్బరినీళ్ళు చుక్కచుక్కగా పోశారు. పెద్దావిడ వాడి అరికాళ్ళు రుద్దుతూనే ఉన్నారు. కాసేపటికి కళ్ళు తెరిచి, మా ఆవిడను పోల్చుకుని, "ముంజె," అన్నాడు. 

ఆ సందట్లో సుభద్ర సంగతి మరిచిపోయాం. ఆమె ఇంకా అటువైపే ఉంది. ఖాళీ సీటుకేసి నవ్వుతూనే ఉంది. మా ఆవిడ వెళ్ళి, "వాడు బయటికి వచ్చేశాడు తల్లీ, వచ్చెయ్యి," అంది. పిడి మీది నుంచి ఆమె వేళ్ళు రాలేదు. ఒక్కొక్కటే విప్పాల్సివచ్చింది. ఇవతలికి వచ్చి కొడుకుని ఒళ్ళోకి తీసుకుని మా ఆవిడను అడిగింది.

"నేను సరిగ్గా నవ్వేనా అండీ? వాడు భయపడలేదు కదా?"

అప్పారావు చిన్నపడవలో ముక్తేశ్వరం రేవుకి వచ్చి, పగిలిన అద్దం చూసి, సంగతి తెలిసి ఇసుకలో కూలబడ్డాడు. రాఘవయ్యగారు కోప్పడతారనుకున్నాను. "తాళం నీ దగ్గరుందిరా, పిల్లాడు మాదగ్గర లేడు. ఎవర్ననాలి?" అన్నారు.

ఆ తరవాత ప్రయాణం అనుకున్నట్టే సాగింది. ముక్తేశ్వరం నుంచి అమలాపురానికి బస్సుంది. రాత్రికి అక్కడ సత్రంలో పడుకున్నాం. నల్లులు ఉన్నాయి, పక్క తెచ్చుకోండి. మర్నాడు బోడసకుర్రు రేవు దాటి రాజోలు, అక్కడినుంచి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. వశిష్ఠ సముద్రంలో కలిసేచోట నిలబడి మా ఆవిడ మొక్కు తీర్చుకుంది. స్వామికి ఏం చెప్పుకుందో గానీ మా పెద్దవాడి పేరు మాత్రం వినిపించలేదు. బుజ్జిబాబు పేరు రెండుసార్లు వినిపించింది.

నాలుగో రోజు మధ్యాహ్నం తిరిగి ముక్తేశ్వరం రేవుకి వచ్చేసరికి అదే నల్లకారు అక్కడుంది. మొన్నటి పెళ్ళికూతుర్ని విందుకి తీసుకురావడానికి మళ్ళీ రామచంద్రపురం వెళ్తున్నారట. పగిలిన అద్దం ఉన్నచోట తెరగుడ్డ ముక్క కట్టి ఉంది. కొత్త అద్దం మద్రాసు నుంచి రావాలి, వద్దన్నాను అని రాఘవయ్యగారు చెప్పారు. ఆయన చేతికి కట్టు ఉంది. "ఎండలో నిలబడ్డారేం? ఇలా నీడకి రండి. కారుకి ఆనుకోండి, పరవాలేదు," అన్నారు. ఆనుకున్నాను.

కారు ఎక్కింది. నాలుగు తలుపులూ బార్లా తీసే ఉన్నాయి. తాడు విప్పేముందు సరంగు పంటు కొసన నిలబడి, "పిల్లలున్నోళ్ళు పిల్లల్ని పైకెత్తండమ్మా," అన్నాడు. ఇదేం కొత్త ఆచారమని పక్కాయన్ని అడిగాను. "నాలుగు రోజులైందండి. ఎత్తందే పంటు కదలడం లేదు," అన్నాడు.

తల్లులూ తండ్రులూ అందరూ పిల్లల్ని చేతులతో తలలపైకి ఎత్తారు. మీరు ఈ దారిన వస్తే అది తప్పక చూడండి. ఎండలో, అంత నది మీద, పదిమంది పసివాళ్ళు గాల్లో కాళ్ళు ఆడిస్తూ కనిపించారు. వాళ్ళలో సుభద్ర ఎత్తిన బుజ్జిబాబు కూడా ఉన్నాడు. ముంజెలు పెట్టిన మా ఆవిడను గుర్తుపట్టాడు. రెండు చేతులతో కళ్ళు మూసుకుని, తెరిచి, "దోబూచి," అని కిలకిలా నవ్వాడు. ఆ రోజు గురించి వాడికి మిగిలింది ఆ ఆట ఒక్కటే.

మా ఆవిడ జవాబుగా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. పంటు కోటిపల్లి చేరేదాకా తియ్యలేదు.