నేరేడుపండ్ల సీటు

బస్సులో సీటు దొరికితే చాలనుకునే నాకు, దొరికిన సీటును పండ్ల బుట్టకిచ్చి తాను నిలబడిన ఒకామె ఇప్పటికీ గుర్తుంది.

ఆత్మకూరులో ఎక్కింది. నా పక్కన అప్పుడే ఖాళీ అయిన కిటికీ సీటులో నేరేడుపండ్ల బుట్ట పెట్టింది. మధ్యాహ్నపు ఎండ, కిక్కిరిసిన బస్సు.

"పండ్లకు సీటేంటికమ్మా?" అని వెనకనుంచి ఒకాయన విసుక్కున్నాడు.

"అది నా సీటేనప్పా. నేను కూసోలేదు, అంతే."

నాకూ చిరాగ్గానే ఉంది. ఒళ్లో పెట్టుకోవచ్చు కదా అన్నాను.

"ఒంటి వేడికి మెత్తబడతాయప్పా. మొన్న కింద పెడితే తొక్కిడికి సగం చితికిపాయె. చెట్టు కింద చీర పట్టుకోని, ఒక్కటి కూడా నేలన పడకుండా రాల్చినాం. ఇంతదూరం తెచ్చి పాడుచేసుకుంటామా?"

గతుకు వచ్చినప్పుడల్లా ఆమె నా మీదుగా వంగి బుట్ట పట్టుకునేది. కాసేపు చూసి, నేనే బుట్టకు చేయి అడ్డం పెట్టాను. కర్నూలు వచ్చేదాకా తీయలేదు.

బస్టాండులో దిగాక పైన కప్పిన ఆకులు తొలగించి, చేతిని అడుగుదాకా పోనిచ్చి ఒక పండు బయటికి తీసింది. వెలుతురులో తిప్పి చూసింది. తొక్క ఎక్కడా చిట్లలేదు, నిగనిగలాడుతోంది. దాన్ని నా చేతిలో పెట్టింది.

అప్పుడు బల్ల మీద కూర్చుంది. మోకాళ్లు రెండు చేతులతో పట్టుకుని, గట్టిగా ఊపిరి వదిలి నవ్వింది.

"ఇప్పుడు నొస్తాండాయప్పా కాళ్లు" అంది.