అత్తమ్మ సున్నా, నా గీత

మా అత్తమ్మ పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. పొద్దున టీ తాగుతూ గుండెల్లో నొప్పి అన్నది. మార్కాపురం ఆసుపత్రికి చేరేలోపే, దారిలోనే పోయింది.

ఆమెకు చదువు రాదు. అయినా మా ఇద్దరికీ చదువు పని ఒకటి దొరికింది. నీళ్ల కష్టాల మీద పరిశోధన చేసే మేడమ్ ఒకామె పుల్లలచెరువు వైపు ఊళ్లలో ఆడవాళ్ల మాటలు వేలకొద్దీ సేకరించింది. కష్టం ఉన్నవీ లేనివీ విడదీసే పని కంప్యూటరులోని ఏఐకి ఇవ్వాలనుకుంది. అది సరిగ్గా చదువుతుందో లేదో తేల్చడానికి, ఈ వైపు ఆడవాళ్ల మాట తీరు తెలిసినవాళ్లమని, పేర్లు తీసేసిన జవాబులు కొన్ని మాకిచ్చింది. నేను పైకి చదవాలి. కష్టం ఉందనిపిస్తే గీత, లేదనిపిస్తే సున్నా. ఎవరి కాగితం వారిదే.

మొదటి కట్టలో ఇద్దరివీ ఒక్కటి కూడా తేడా రాలేదు. "ఇది ఒకరే గీసినట్టుందమ్మా. ఎవరికి వారు గీయకపోతే ఏఐని దేనితో పోల్చాలి?" అన్నది మేడమ్. నిజమే, నేను అత్తమ్మ చెయ్యి కదిలేదాకా ఆగి, అదే గీసేదాన్ని. కాపురానికొచ్చిన నాలుగేళ్లలో ఆమె మాటకు ఎదురు చెప్పింది లేదు.

"కూరలో ఉప్పెక్కువైనా బాగుందంటివే, ఇదీ అట్లనేనా ఏందే?" అన్నది అత్తమ్మ. పీట గోడ వైపు తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చుంది. "మాట విను. నా మొగం చూడబాక. ఇప్పుడు చదువు."

రెండో కట్టలో ఒక జవాబు: "ట్యాంకరు వస్తాది, మాకేం ఇబ్బంది లేదు. ఆ పొద్దు పెద్దపాప బడి మాని ఇంటికాడ ఉంటాది."

నేనూ ఏడో తరగతిలో అట్లాగే బడి మానేశాను. గీత గీశాను.

అత్తమ్మ సున్నా పెట్టింది. ఏఐ కూడా కష్టం లేదనే చెప్పింది. ఎందుకు గీత పెట్టావని మేడమ్ అడిగితే అత్తమ్మ వైపు చూశాను.

"చెప్పవే, నేనేం కొట్టనులే" అన్నది అత్తమ్మ.

"పాప చదువు పోతాంది కదత్తా."

అత్తమ్మ నా వైపు తిరిగి, "నాకు తోచలే గదే" అన్నది. ఆ తర్వాత మేడమ్‌తో, "సున్నా మాత్రం మార్చను. నాకు తోచలేదన్నది గూడా నీకు తెలియాల గదా" అన్నది.

మేడమ్ 'ఇబ్బంది లేదు' అన్న అలాంటి జవాబులన్నీ ఏరి, మనుషుల చేత మళ్లీ చదివించింది. ఏఐ ఒక్కదానికే వదల్లేదు.

ఆ సాయంత్రం బోరింగు కాడ అత్తమ్మ గొంతు వీధంతా వినిపించింది: "నా కోడలికి నోట్లో నాలిక లేదంటిరే! ఆ మిషన్నూ నన్నూ ఇద్దర్నీ తప్పన్నది!"

నిన్న చివరి కట్ట వచ్చింది. పీట ఇంకా గోడ వైపే ఉంది. మొదటి జవాబు పైకి చదివి, నా గీత నేను గీశాను. రెండోది వెంటనే చదవలేదు. అత్తమ్మ సున్నా చుట్టడానికి పట్టేంత సేపు ఆగాను.