వైఫై గోడ కింద చెల్లి మాటలు

ఆయన పోయాక నేను టాటానగర్ సీతారాండేరాలో అమ్మ దగ్గరికి వచ్చేశాను. ఆదిత్యపూర్‌లో మేం అద్దెకున్న ఇంటి సామానంతా ఒక్క టెంపోలో సరిపోయింది. పొద్దున డ్యూటీకి వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి లేడు. గుండెపోటన్నారు. శ్రీకాకుళం నుంచి చుట్టాలొచ్చి నన్ను ఏడిపించాలని చూశారు. నాకు ఏడుపు రాలేదు. నా ముఖం చూసి, తమలో తాము ఏదో అనుకుని, వచ్చిన రైలుకే వెళ్ళిపోయారు.

ఇంట్లో ఉండేది అమ్మా, మా చెల్లీ. చెల్లికి పుట్టుకతోనే వినపడదు, మాటా రాలేదు. హాస్టలున్న ఒక చెవిటి పిల్లల బడిలో చదివింది. అక్కడ చేతుల భాష నేర్చుకుంది, రాయడం చదవడం మాత్రం హిందీలో. మాకు ఆ చేతుల భాష రాదు. నీళ్ళు, రా, వద్దు, తలుపు వెయ్యి, ఇలాంటి సొంత సైగలు కొన్ని ఉండేవి. అంతకు మించి చెప్పుకోవాలంటే ఫోన్లో హిందీలో టైపు చేసి చూపించుకునేవాళ్ళం. అంత అవసరం పెద్దగా వచ్చేది కాదు.

దాని స్నేహితురాళ్ళందరూ ఆ బడి వాళ్ళే. పెళ్ళిళ్ళయి తలో ఊళ్ళో ఉన్నారు. వాళ్ళతో మాట్లాడాలంటే వీడియో కాల్ ఒక్కటే దారి, చేతులు కనపడాలి కదా. వీడియో పెడితే రోజుకిచ్చే డేటా కాసేపట్లోనే అయిపోతుంది. పైగా మా ఇల్లు సందు లోపల ఉంది. సిగ్నల్ అందక బొమ్మ ఆగిపోతుంది, చేతులు గాలిలో అలాగే నిలిచిపోతాయి. అందుకని చెల్లి సాయంత్రం పూట బస్తీలో ఉన్న కమ్యూనిటీ హాలు దగ్గరికి వెళ్ళేది. ఆ హాలు గోడకి పైన ఒక తెల్ల డబ్బా బిగించి ఉంది. అది ఉచిత వైఫై. ఫోన్ నంబరు కొడితే ఓటీపీ వస్తుంది, అది వేస్తే నెట్ వస్తుంది. ఒక్కో నంబరుకి రోజూ అరగంటే.

“ఎన్నాళ్ళిలగ గోడకేసి సూత్తా కూకుంతావే?” అంది అమ్మ ఒకరోజు. “దానికి తోడెల్లు. రెండు ఫోన్లుంటే దానికి గంట దొరుకుతాది గదా.”

రెండో ఫోను ఆయనది. నా దగ్గరే ఉంది, సిమ్ముతో సహా. ఇక్కడికి వచ్చినప్పుడు ఎప్పుడో ఆయన ఆ వైఫైలో పేరు ఎక్కించుకున్నట్టున్నారు. నేను ఓటీపీ వేయగానే తెర మీద ‘స్వాగత్ హై’ అని, దాని పక్కన ఆయన పేరు వచ్చాయి. ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఫోను చెల్లి చేతికిచ్చి హాలు అరుగు మీద కూర్చున్నాను.

ఆ తర్వాత రోజూ అంతే. గోడ కింద చాలామంది చేరేవారు. కాలేజీ పిల్లలు పాఠాలు దింపుకునేవారు. ఆటోవాళ్ళు బండి ఆపుకుని క్రికెట్ చూసేవారు. స్టీలు ప్లాంటులో పని చేసి రిటైరైన ఒక తెలుగాయన ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని, నాటకం పద్యాలు పెట్టుకుని వినేవాడు. చెల్లి హాలు కిటికీ అంచు మీద ఫోను నిలబెట్టి, కాస్త వెనక్కి జరిగి, రెండు చేతులతో మాట్లాడేది. ఇంట్లో అంత నెమ్మదిగా ఉండే పిల్ల అక్కడ ముఖమంతా కదిలించేది. నేను చూస్తూ కూర్చునేదాన్ని. ఒక్కోసారి చూసేదాన్ని కూడా కాదు. అరగంట కాగానే ఆయన ఫోను అందించేదాన్ని.

ఒక సాయంత్రం ఆ పెద్దాయన కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

“అమ్మీ, ఒక మాటడుగుతాను, ఏటనుకోకు. మీ చెల్లి రోజూ ఇలగ కనుబొమ్మ మీద ఏలెట్టి గీత్తాది సూడు, అదేటి? తతిమ్మాయన్నీ మరిసిపోతన్నాను గానీ అదొకటి గురుతుండిపోనాది. శానా సార్లు సేత్తంది.”

అప్పుడు చూశాను. చెల్లి చూపుడువేలు ఎడమ కనుబొమ్మ మీదికి వెళ్ళి, నిలువుగా చిన్న గీత గీసి దిగింది. కాసేపటికి మళ్ళీ వెళ్ళింది. ఆయన ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని సన్నని గీత ఒకటుండేది. మా పెళ్ళికి ముందెప్పుడో లేతు మిషన్ మీంచి ఇనప ముక్క ఎగిరి తగిలిన గాటు.

“నాకూ తెల్దండీ,” అన్నాను.

ఇంటికొచ్చాక ఫోన్లో టైపు చేసి చెల్లికి చూపించాను. “యే కౌన్?”, ఇదెవరు అని రాసి, కనుబొమ్మ మీద వేలు పెట్టాను. ఈ మాత్రం తెలీదా అన్నట్టు చూసి, “జీజాజీ” అని రాసింది. బావ. వినపడనివాళ్ళు మనుషుల పేర్లు పలకలేరు కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో సైగ పెట్టుకుంటారట. ఆయన పేరు అది.

మరి రోజూ ఆయన గురించి ఏం చెప్తున్నావని రాశాను. చాలాసేపు టైపు చేసింది. పెళ్ళిచూపుల రోజు బావ తనతో ఎలా మాట్లాడాలో తెలియక ఊరికే నమస్కారం మీద నమస్కారం పెట్టడం. ఆదివారం వచ్చినప్పుడల్లా ఒక కొత్త సైగ నేర్చుకుని మరుసటి ఆదివారానికి తప్పుగా చేసి చూపించడం. చివరిసారి వచ్చినప్పుడు కుళాయి దగ్గర బకెట్టు నింపుతూ తడి చేత్తోనే ‘వెళ్ళొస్తా’ అని చెప్పడం. వాళ్ళిద్దరూ గుమ్మంలో కూర్చుని చేతులూపుకుంటుంటే నేను ఏదో ఆటాడుతున్నారనుకునేదాన్ని. స్నేహితురాళ్ళు బావ సంగతులు అడుగుతారు, నేను చెప్తాను అని రాసింది. కింద ఇంకో వాక్యం ఉంది.

“ఘర్ మే కోయీ పూఛ్తా నహీ.”

ఇంట్లో ఎవరూ అడగరు. చదివి ఫోను తిరిగి ఇచ్చేశాను. రాత్రికి బియ్యం కడగాలని లేచాను.

మర్నాడు అరుగు మీద కూర్చోకుండా చెల్లి పక్కన నిలబడ్డాను. తెర మీద బరంపురంలో ఉండే స్నేహితురాలు. ఎర్ర చీర, వెనకాల వంటింటి అలమర. నన్ను చూసి ఏదో అడిగింది. నిద్ర పడుతోందా అని అడుగుతోందని చెల్లి టైపు చేసింది. తలూపాను. ఆమె తన కనుబొమ్మ మీద ఆ గీత గీసి నా వైపు చూసింది. నేనూ వేలెత్తి గీశాను. ఆయన పోయాక ఆయన పేరు నా నోట రాలేదు, ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆ సాయంత్రం వేలితో వచ్చింది. లోపల ఏదైనా కదులుతుందేమోనని చూసుకున్నాను. వేలు చల్లగా తగిలింది, అంతే.

ఆ తర్వాత చెల్లి దగ్గర సైగలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేర్చుకోవాలన్న ఉత్సాహమేమీ కాదు. సాయంత్రాలు ఖాళీగా ఉండేవి.

వానాకాలంలో ఒకరోజు పిడుగు పడ్డాక ఆ డబ్బాలో దీపం వెలగలేదు. హాలు చూసుకునే మనిషిని అడిగితే, “హమారే హాథ్ మే నహీ హై, దీదీ,” అన్నాడు, తన చేతుల్లో ఏం లేదని. నాలుగు రోజులు జనం వచ్చి చూసి పోయారు. తర్వాత రావడం మానేశారు. పెద్దాయన కుర్చీ కూడా కనపడలేదు.

“మెసేజీలెట్టుకోవచ్చు గదే, దానికేటి?” అంది అమ్మ. చెల్లికి హిందీ రాయడం వచ్చుగానీ అది దాని భాష కాదు. గంటసేపు ఆపకుండా చెప్పే మనిషి ‘ఠీక్ హూఁ’, బాగున్నాను అని రెండు ముక్కలు పెట్టి ఊరుకునేది. సాయంత్రమైతే గుమ్మంలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకునేది.

దసరాలకు ముందు ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. తీస్తే బరంపురం స్నేహితురాలు. ఒక చేతిలో అప్పడాల సంచీ, ఇంకో చేతిలో పచ్చడి సీసా. ఆ రెండు ముక్కల మెసేజీలు చూసి ఉండబట్టలేక రైలెక్కేసిందట. చెల్లి ఆమెను చూసి మొదట నిలబడిపోయింది. తర్వాత ఇద్దరూ వంటింట్లో నేల మీద కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నారు. గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

స్నేహితురాలు మా అమ్మ వైపు తిరిగి కనుబొమ్మ మీద గీసి, ఏదో అడిగింది.

“ఏటడుగుతందే?” అంది అమ్మ.

“మీ అల్లుడు ఎలాటోడని అడుగుతోంది.”

అమ్మ గరిటె ఆపింది. “మంచోడని సెప్పు,” అంది. గరిటె పక్కన పెట్టి, “కాకరకాయ తినీవోడు కాదని సెప్పు. నానొండితే మాత్రం మారు మాటాడకండా తినీసేవోడని సెప్పు. నన్నెప్పుడూ అత్తయ్యగారూ అన్నేదు, అమ్మా అనీవోడని సెప్పు.”

నేను చేతులతో చెప్పాను. రానిచోట చెల్లి అందుకుంది. అమ్మ చెప్తూనే ఉంది. చెప్తూ చెప్తూ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. పొయ్యి మీద కూర అడుగంటింది. అమ్మ ఆపినప్పుడల్లా ఆమె మళ్ళీ అడిగేది. నేను మళ్ళీ తెలుగులో చెప్పేదాన్ని. నా కళ్ళు పొడిగానే ఉన్నాయి, చేతులు మాత్రం నొప్పెట్టాయి.

ఆమె రెండు రోజులుండి వెళ్ళింది. టాటానగర్ స్టేషన్‌కి మేమిద్దరం వెళ్ళి రైలెక్కించాం. తలుపులేసిన ఏసీ బోగీ. కిటికీ అద్దానికి అటు ఆమె, ఇటు చెల్లి. చుట్టూ జనం అరుచుకుంటున్నారు, లోపలివాళ్ళకి వినపడక చెవుల దగ్గర చేతులు పెడుతున్నారు. వీళ్ళిద్దరూ బండి కదిలేదాకా తీరిగ్గా మాట్లాడుకున్నారు.

బండి వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీద నాకు గట్టిగా ఆకలేసింది. చెల్లికి సైగ చేసి చెప్పాను. ఇద్దరం బల్ల మీద కూర్చుని పూరీ కూర తిన్నాం. తింటూ అది ఫోను చూసుకుని నా మోచేతి మీద తట్టింది. స్టేషన్లో కూడా ఉచిత నెట్ ఉంది. ఎంగిలి చేత్తోనే ఇంకో స్నేహితురాలికి కాల్ కలిపింది.

హాలు గోడ మీది డబ్బా ఇంకా బాగు కాలేదు. ఆదివారాలు మేం ఆటో ఎక్కి స్టేషన్‌కి వెళ్తున్నాం. ఈమధ్య అమ్మ కూడా వస్తానంటోంది.