ఎడమ చెవికి రెండు చిల్లులు

నా ముక్కుకున్న చిల్లు మీద ఒట్టు. ఇది జరిగింది. నాకే జరిగింది. మామూలుగా నేను చెప్పేవాటిలో సగం కోతలే, ఒప్పుకుంటాను. ఇందులో మాత్రం ఒక్క ముక్క కలపలేదు. కలిపే ఓపిక కూడా లేదు.

ముక్కుకు చిల్లేంటంటారా... మా అనసూయక్క తర్వాత ఇద్దరు పుట్టి పోయారట. ఆ తర్వాత నేను. నేనూ పోకుండా ఉండాలని నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ముక్కు కుట్టించి, పెంటయ్య అని పేరు పెట్టారు. చెత్తను మృత్యువు కూడా ముట్టదని వాళ్ల నమ్మకం. పనిచేసింది. యాభైకి దగ్గర పడ్డాను, ఇంతవరకు నన్నెవరూ ఎత్తుకుపోలేదు. మునిసిపాలిటీ బండి కూడా.

ఆరో తరగతిలో బడి మానేశాను. కొన్నేళ్లు అల్లం కడిగాను. ఇప్పుడు జహీరాబాద్ దాటాక హైవే పక్కనున్న ఒక పరిశోధన కేంద్రంలో చిట్టెలుకలకు సేవ చేస్తున్నాను. పుట్టకముందే వాటి జన్యువుల్లో ఏదో మార్చేస్తారు. పెద్దయ్యాక వాటికి రొమ్ము గడ్డలు లేస్తాయి. క్యాన్సర్ గడ్డలు. సగం వాటికి మందు కలిపిన మేత, సగం వాటికి ఉత్త మేత. గడ్డ రాకముందే ఆపగలమా అని చూడటం ఆ పరిశోధన చేసే మేడం పని. డబ్బాల్లో కట్టెపొట్టు మార్చడం, నీళ్ల సీసాలు పెట్టడం, వారానికోసారి ఒక్కోదాన్నీ వేళ్లతో తడిమి గడ్డలు వెతకడం నా పని. గుర్తు కోసం చెవులకు చిల్లులు కొట్టేదీ నేనే. ఏ చెవికి ఎన్ని చిల్లులో చూస్తే నంబరు తెలిసిపోతుంది.

"పేర్లు పెట్టకు పెంటయ్యా. పేరు పెట్టినవంటే రేపు వాటిని కోసేటప్పుడు చెయ్యి వణుకుతది" అనేది మేడం.

నేను వింటానా... ఎడమ చెవికి రెండు చిల్లులున్నదానికి 'అక్క' అని పెట్టాను. ఉత్త మేత తినే బాపతు అది. పక్కవాటి మేత లాక్కుని, మళ్లీ వాటినే కరిచేది. చివరికి దాన్ని ఒక్కదాన్నే వేరే డబ్బాలో వేశాం. అచ్చం మా అనసూయక్కే. చెబితే పడీ పడీ నవ్వింది.

"నీ మొకం మండ! ఎలుకకు నన్ను పెట్టినవారా?"

కొన్ని నెలలకు ఆ ఎలుక చంక దగ్గర శనగగింజంత గడ్డ తగిలింది నా వేలికి. ఆ నెలలోనే మా అక్కకూ చంక దగ్గర గడ్డ. మా అమ్మ పోయింది దీంతోనే.

హైదరాబాద్ దవాఖానలో సూది పరీక్ష చేశారు. రిపోర్టు తెల్లారి తీసుకోవాలి. అక్కేమో రానని కూర్చుంది. ఆ పగలంతా ఝరాసంగంలో ఆమె గుమ్మంలోనే ఉన్నాను.

"తెల్వకపోతే లేనట్టేరా."

"అమ్మ గూడ గట్లనే అన్నది గదనే అక్కా."

"నువ్వు రోజు ఎలుకలకు చూస్తవ్ గద. నాకూ చూసి చెప్పు. బస్సు తిప్పలు తప్పుతయ్."

నాకు నవ్వు రాలేదు. "పొద్దుగాల ఎనిమిదింటికి బస్టాండుల ఉంట. రా" అన్నాను.

"సూస్త తియ్" అంది. అంటే రాదని.

షేర్ ఆటోలో వేలాడుతూ వచ్చి, అటునుంచి అటే రాత్రి డ్యూటీ ఎక్కాను. ఒళ్లు పిండేసినట్టుంది. కళ్లలో ఇసుక పోసినట్టుంది.

ఎలుకల గదిలో ఏడింటికి దీపాలు వాటంతటవే ఆరిపోతాయి. ఒక్క ఎర్ర బల్బు మిగులుతుంది. ఆ వెలుగులో ఎలుకలు లేచి పని మొదలుపెడతాయి. కరకర... గరగర... సీసాల మూతుల్లో ఇనుప గోళీలు టిక్ టిక్. రోజూ వినేదే.

రెండయింది. లోపలికి వెళ్లి గోడకు ఆనుకున్నాను.

అంతలో... అన్నీ ఆగిపోయాయి.

ఒక్కటి కాదు. అన్నీ. ఒకేసారి. నా ఊపిరి మాస్కులో నాకే వినబడుతోంది.

టిక్...

ఒక్క సీసా.

టిక్... టిక్...

అడుగు వరుస చివరి డబ్బా. సాయంత్రం నేనే కడిగి పెట్టిన ఖాళీ డబ్బా. టార్చి వేశాను. లోపల ఒక ఎలుక, నీళ్లు తాగుతోంది.

మూత తీసి పట్టుకున్నాను. వేళ్లు అలవాటుగా చంక దగ్గరికి పోయాయి. గడ్డ లేదు. చెవి చూశాను. ఎడమ చెవికి... రెండు చిల్లులు.

దాన్ని అలాగే పట్టుకుని అక్క డబ్బా దగ్గరికి వెళ్లాను. అక్క అందులోనే ఉంది. రెండో చేత్తో తీశాను. రెండు చిల్లులు. గడ్డ. శనగగింజంత.

ఈ చేతిలో ఒకటి. ఆ చేతిలో ఒకటి. రెండూ గింజుకోవడం లేదు.

"అక్కా..." అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

రెండూ ఒకేసారి తలెత్తాయి.

గడ్డ ఉన్నదాని వైపు చూసి అనేశాను: "నువ్వు అక్కవు గాదు. నువ్వు పెంటమ్మవు. విన్నవా... పెంటమ్మవు."

ఎక్కడిదాన్ని అక్కడే పెట్టాను. మూతలు రెండుసార్లు నొక్కాను. అప్పుడు మళ్లీ మొదలైంది కరకర... ఏమీ జరగనట్టు.

ఆరింటికి మేడం రాగానే లాక్కెళ్లాను. ఖాళీ డబ్బా ఖాళీగానే ఉంది. సీసాలో మాత్రం నీళ్లు రెండు వేళ్లు తగ్గాయి. అక్క డబ్బాలో ఎలుక ఉంది. మేడం మూడుసార్లు తడిమింది. నేనూ తడిమాను.

గడ్డ లేదు.

"వారం వారం ఏం చూసినవ్ పెంటయ్యా?"

"మీరే గద మేడం స్కేలు పెట్టి కొలిచిన్రు!"

ఆమె ఎలుక చెవిని వెలుతురుకు పట్టి చూసింది. తర్వాత, "రెండింటికీ ఒకే గుర్తు కొట్టినవేమో. కలిసిపోయినయ్" అంది.

కొట్టానేమో. నా చేతి తప్పు కాదని ఒట్టు పెట్టలేను. మరి రెండోది ఏది? గదంతా వెతికాం, లెక్కపెట్టాం. ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు.

ఎనిమిదింటికి, అక్క రాకున్నా ఒక్కణ్నైనా బస్సెక్కుదామని బస్టాండుకు పోయాను. అక్క నాకంటే ముందే వచ్చి కూర్చుంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"రాత్రి రెండింటికి నువ్వు అక్కా అని పిల్చినట్టయిందిరా. తలుపు తీస్తే ఎవరూ లేరు. మళ్ల నిద్ర వట్టలే. వచ్చిన."

బస్సులో అంతా చెప్పాను. ఆమె కిటికీ వైపు తిరిగి చెరుకు లారీలను చూస్తూ విన్నది.

రిపోర్టులో అదే వచ్చింది. అయితే ఇంకా వేరే చోట్లకు పాకలేదన్నారు. కోసి తీసేశారు. మందులు ఎక్కించారు. జుట్టు ఊడి, మళ్లీ మొలిచింది. ఇప్పుడు అందరినీ మళ్లీ కరుస్తోంది.

చెత్తను మృత్యువు ముట్టదంటారు గదా. మరి నేను పెంటమ్మ అన్నదే ఎందుకు కనబడకుండా పోయింది? దాన్ని కాపాడానా... అప్పగించానా?

పరీక్షలకు పోయిన ప్రతిసారీ, బస్సు కదలగానే అక్క నా మోచేతిని పొడుస్తుంది.

"ఆ రెండిట్ల నేను ఏదిరా? ఉన్నదా... పోయిందా?"

నేనేమన్నా నవ్వే మనిషి ఆమె. "తెల్వదక్కా" అంటాను. ఆ ఒక్కదానికే నవ్వదు.