ఇరవై గంటల బండి

నా చేత్తో సిద్ధం చేసిన బండిని, నా భార్యను ఆసుపత్రికి చేర్చడానికి అడిగితే నాకు ఇవ్వలేదు. ఇవ్వనన్నవాడు పరాయివాడు కాదు. ఆమె సొంత అన్న కొడుకు, ఆమె కలిపి పెట్టిన ముద్దలు తిని పెరిగినవాడు. మూడేళ్ళుగా నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చిన ప్రతివాడికీ ఈ మాట చెబుతూనే ఉన్నాను.

పోయిన వారం కాశీబుగ్గలో రైలు గేటు పడింది. నా ముందు ఒక లారీ ఆగింది. దాని మీద ప్లాస్టిక్ కాగితం చుట్టిన కొత్త బగ్గీ, ఇసుకలో తిరిగే మోటారు బండి. పైకప్పు ఉండాల్సిన చోట ఇనుప గొట్టాలు, గుమ్మడికాయల్లా ఉబ్బిన టైర్లు, కింద కారుకి లేనంత ఎత్తులో బొజ్జ. ఆ కొత్త రబ్బరు వాసన నా మొహానికి కొట్టింది. గేటు లేచిందట, లారీ పోయిందట, నాకు తెలియలేదు. "తాతా, బండి మీదే నిద్రోతన్నావేటి, దారియ్యి" అని వెనక నుంచి ఒక ఆటో అతను అరిస్తే కదిలాను. స్కూటరు ఇంటివైపు తిప్పాను గాని మనసు వజ్రపుకొత్తూరు వైపు ఇసుక బాటలోకి పోయింది.

మా అల్లుడు, అంటే ఆ అన్న కొడుకు, కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారం చేస్తాడు. సముద్రం ఒడ్డున కొబ్బరితోటలో నాలుగు గదులు కట్టించి, దిగినవాళ్ళను జీడితోటల మధ్య ఇసుకలో తిప్పుతానని బగ్గీ తెప్పించాడు. మా ఊళ్ళో తన కొబ్బరికాయల షెడ్డులో పెట్టాడు. టెక్కలి నుంచి ఒక మెకానిక్ వచ్చి, అరగంట నడిపి చూపించి, నా మొహం కూడా చూడకుండా వెళ్ళిపోయాడు. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఉద్దానంలో సగం తోటలకి నీళ్ళు తోడిన ఆయిలింజన్లు నా చేతుల మీదుగా లేచి నడిచాయి. ఏ బోల్టు ఎంత బిగించాలో నాకు ఏ సర్టిఫికెట్టూ చెప్పలేదు. నాకు మండింది. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు రోజులు కూడబలుక్కుని చదివాను. చదివి, అల్లుణ్ణి పిలిచి, "ఇది మచ్చికయ్యేదాకా దీని మీద నా మాటే చెల్లాలి" అన్నాను. "అలాగే మావా, నీకంటే నాకెవుడు తెలుసు" అన్నాడు.

కొత్త ఇంజను కోడెదూడ లాంటిది. మొదటిరోజే బరువు కడితే జన్మంతా మొరాయిస్తుంది. ముందు నట్లన్నీ విప్పి మళ్ళీ బిగించాను. ఇసుకలో కూరుకుపోకుండా టైర్ల గాలి సగానికి దించాను. మా తీరంలో ఇసుక పిండిలా సన్నం, గాలితో పాటు ఇంజను లోపలికి పోతే గీరేస్తుంది. దానికి పాత నూలు చీర ముక్కను మించిన జల్లెడ లేదు. మా ఆవిడ చిలకపచ్చ చీర ఒకటి చింపి గాలి పీల్చే డబ్బాకి చుట్టాను. "బతికున్నదాని సీర సింపుతావేటి బావా" అని అరుగు మీంచి నవ్వింది. ఆమె నాకు మేనమామ కూతురు వరస, కడదాకా నన్ను బావా అనే పిలిచింది. అప్పటికి రెండేళ్ళుగా వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. రోజుకి ఇంతని గ్లాసుతో కొలుచుకుని నీళ్ళు తాగేది.

పొద్దున ఒక అరగంట, సాయంత్రం ఒక అరగంట నడిపేవాణ్ణి. సగానికి మించి యాక్సిలేటరు తొక్కకూడదు. ఒకే వేగంతో పోకూడదు. ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ. మొదటి ఆయిలు దింపినప్పుడు అందులో వెండిపొడి మెరిసింది, లోపలి భాగాలు ఒరుసుకుని కుదురుకుంటున్నాయనడానికి గుర్తు. అది చూసి నాకు పసిబిడ్డ మొదటి పన్ను చూసినంత సంతోషం. జీడికొమ్మల కింద తల వంచుకుని ఇసుకదిబ్బలెక్కి దిగి వస్తుంటే ఆమె షెడ్డు దగ్గర కుర్చీలో కాచుకుని ఉండేది. వచ్చేసరికి అడిగేది. "ఎన్నయినాయి?" బండికి ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరుంది. తొమ్మిది అనేవాణ్ణి, పదకొండు అనేవాణ్ణి. "నన్నెప్పుడెక్కిత్తావు?" ఇరవై కానీ అనేవాణ్ణి. "నాకూ ఒక మీటరు పెట్టించరాదేటి, సూసుకుందును" అనేది.

షరతులన్నీ ఒక అట్టముక్క మీద రాసి స్టీరింగుకి కట్టాను. ఇరవై గంటలు నిండేదాకా రెండో మనిషి ఎక్కకూడదు. బరువు వేయకూడదు. నా పొద్దుటి, సాయంత్రపు అరగంటలకి తప్ప ఎవరడిగినా అల్లుడు తాళం ఇవ్వకూడదు. అల్లుడు చదివి, "నువ్వే అడిగితేనో?" అన్నాడు. నేనడిగినా సరే అన్నాను. షెడ్డులో కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. బరువుతో ఇసుకలో తోలితే పిస్టను పట్టేస్తుందని, పట్టేస్తే ఇక అక్కడే సమాధి అని, వాళ్ళందరి ముందూ చేతులు తిప్పుతూ చెప్పాను.

మీటరు పదిహేడు చూపుతున్నప్పుడు వాన పట్టింది. రెండు రోజులకి గెడ్డ పొంగి ఊరి దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది. డయాలసిస్ రోజు తప్పింది. మూడో ఉదయానికి ఆమె కాళ్ళు ఉబ్బి, పడుకుంటే ఊపిరందక, గోడకి ఆనుకుని కూర్చుంది. నోరు తెరిచి గాలి తాగుతోంది. ఇసుకబాట చివర తారురోడ్డు దగ్గరికి అంబులెన్సు వచ్చి ఆగిందని ఫోనొచ్చింది. అక్కడికి నడిచి పోవాలంటే గంటన్నర. బగ్గీకి పావుగంట. నేను షెడ్డుకి పరుగెత్తాను. అల్లుడు అక్కడే ఉన్నాడు, అత్త కోసం నులకమంచానికి వెదుళ్ళు కట్టిస్తున్నాడు.

తాళం ఇయ్యరా అన్నాను.

"ఇయ్యను మావా" అన్నాడు. "పదిహేడే అయినాయి. మద్దెన పట్టేత్తే ఆ దిబ్బల్లో అత్తనేటి సేత్తాం? నువ్వే గదా సెప్పినావు, నువ్వడిగినా ఇయ్యొద్దని. మంచమెత్తుదాం రా, నలుగురున్నాం."

అరిచాను. కాలరు పట్టుకున్నాను. వాణ్ణి అనరాని మాటలన్నాను. అనాల్సిన ఒక్క మాట మాత్రం అనలేదు. పుస్తకంలో ఉన్నది పది గంటలే. ఇరవై నా సొంతం. ఆ టెక్కలి మెకానిక్ అల్లుడు లేనప్పుడు పది అని చెప్పి పోయాడు కాబట్టి, వాడికంటే నేను ఎక్కువ తెలిసినవాణ్ణి కాబట్టి, రెట్టింపు చేశాను. మీటరు లెక్కన బండి ఏడు గంటల క్రితమే సిద్ధమైపోయింది. ఆ మాట నాలుగు క్షణాల్లో చెప్పొచ్చు. కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళు నిలబడి చూస్తున్నారు. వెళ్ళి మంచం కోడు పట్టుకున్నాను.

దిబ్బల మీద మా కాళ్ళు పిక్కలదాకా దిగబడ్డాయి. నా బగ్గీ చక్రాల జాడలు వానకి ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. వాటి వెంటే నడిచాం. సగం దారిలో ఆమె కళ్ళు తెరిచి, "ఎన్నయినాయి బావా" అంది. నేను వెదురు ఇంకో భుజానికి మార్చుకున్నాను. పలాస చేరేసరికి ఆమె వంతు మిషను మీద ఇంకొకరున్నారు, అది వాళ్ళ తప్పు కాదు. శ్రీకాకుళం తీసుకెళ్ళాం. మూడో రోజున పోయింది. ఒక గంట ముందు తెస్తే బతికేదా అని డాక్టరుని అడిగాను. చెప్పలేమండీ అన్నాడు. అవునన్నా కాదన్నా నాకు బాగుండేది.

ఆనాటి నుంచి అల్లుడి గడప తొక్కలేదు. ఉత్తరాలు మాత్రం రాశాను, పోస్టులో, తిట్లతో. నీ అత్తని ఇనపముక్కకంటే తక్కువ చేశావని రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. గేటు దగ్గర ఆ లారీని చూసి వచ్చిన రోజు ఇంకొకటి రాయడానికి కూర్చున్నాను. తిట్టడానికే కలం తీశాను. పది అని రాశాను. పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా రాశాను. కింద సంతకం పెట్టి, మళ్ళీ చదవకుండా డబ్బాలో వేశాను.

నిన్న ఫోనుకి వాడి గొంతు వచ్చింది. వాట్సాపులో మాట్లాడి పంపాడు. రెండుసార్లు దగ్గాడు, వెనక ఎక్కడో కాకులు అరుస్తున్నాయి.

"మావా, ఉత్తరం సేరింది. పుత్తకం నేనెప్పుడు సదివాను, నీ మాటే సదివాను. ఆ బండిని మరెవుడి సేతా ముట్టనియ్యలేదు. అత్త సీర ముక్క దాని మీదే ఉంది. మీటరు పదిహేడు దగ్గిరే ఉంది. పుత్తకంలో ఎంతున్నా మనకి ఇరవయ్యే. మిగిలిన మూడు గంటలూ నువ్వొచ్చి నడుపు."