దిగి నడిచే బ్రిడ్జి

మా ఊరి బస్సు మొదటిసారి ఎక్కినవాళ్లు వాగు దగ్గరికి రాగానే కంగారుపడేవాళ్లు. బస్సు ఆగేది, ఇంజిన్ ఆగేది కాదు. ఎవరూ ఏమీ చెప్పకుండానే జనమంతా లేచేవాళ్లు. పిల్లలను చంకనేసుకుని, సంచులు సీట్ల మీదే వదిలేసి, కిందికి దిగి వాగు మీది బ్రిడ్జిని నడిచి దాటేవాళ్లం. మా వెనక ఖాళీ బస్సు కడుపుతో ఉన్న మనిషిలా నింపాదిగా వచ్చేది. అవతలి ఒడ్డున మళ్లీ ఎక్కేవాళ్లం, ఎవరి సీటు వాళ్లదే. కొత్తవాళ్లు ఏమైందని అడిగితే "ఏం కాలే, ఇట్లనే" అని మావాళ్లు కిటికీలోంచి బయటికి చూసేవాళ్లు.

ఇచ్చోడ నుంచి మా ఊరికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చే సర్కారు బస్సు అది. ఒక వానాకాలం వరద బ్రిడ్జి అంచు రాళ్లను ఎత్తుకుపోయింది, కింద ఒక పగులు కూడా పెట్టి పోయింది. దిగి నడిచే పద్ధతి ఏ ఆఫీసూ పెట్టింది కాదు, డ్రైవర్ పెట్టాడు. ఆదిలాబాద్ పట్నం మనిషి, ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు. మేం దిగినంత మాత్రాన బరువెంత తగ్గుతుంది, బరువంతా బస్సుదే కదా అని ఒకసారి అడిగాను.

"బరువు కోసం కాదక్కా. పడితె నేనొక్కన్నే పడ్త గదా. మీరైతె జర దిగుండ్రి" అన్నాడు.

ఆ రోజు నుంచి సర్కారులో నేను నమ్మిన మనిషి ఆయనొక్కడే.

నేను అనుమానం మనిషిని. దాన్ని దాచుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. కేంద్రానికి వచ్చిన గుడ్లను నీళ్లలో వేసి చూడనిదే పిల్లలకు పెట్టను. వేములవాడ దర్శనానికి పోతే ఒక చెప్పు ఒక దగ్గర, రెండోది ఇంకో దగ్గర విడుస్తాను. జత దొరక్కపోతే దొంగకు మాత్రం ఏం లాభం? ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే బస్సు టికెట్‌ను కూడా తిప్పి వెనకేం రాసి ఉందో చూస్తానని నా బిడ్డ నవ్వుతుంది.

ఈ గుణం మా బాపుది. గోదావరి పక్కన బొగ్గుబాయిలో పనిచేశాడు. పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో కొట్టి వినేవాళ్లట. గట్టి చప్పుడు వస్తే కింద నిలబడొచ్చు, డొల్ల చప్పుడు వస్తే వెనక్కి జరగాలి. "కప్పు మంచిగున్నదని ఆఫీసర్ సంతకం పెట్టిండని కింద కూసుంటె, పెళ్ల ఊడినప్పుడు సంతకం వచ్చి అడ్డం పడది బిడ్డా" అనేవాడు. ఆయన నిండుగా బతికి, ఇంట్లో, మంచం మీద పోయాడు. అందుకే ఆ మాట మీద నాకు గురి.

నా బిడ్డ ఇచ్చోడలో ఇంటర్ చదువుతోంది. రోజూ రెండుసార్లు ఆ బ్రిడ్జి దాటాలి. పగులు ఏటికేడు పొడుగవుతుంటే చూస్తూ ఊరుకోలేక, కిందటి వానాకాలం ఒక సోమవారం ఫోన్లో ఫొటోలు తీసుకుని, అర్జీ రాసుకుని, జిల్లా ఆఫీసులో జనం దరఖాస్తులు తీసుకునే దగ్గరికి పోయాను. తీసుకున్నారు, ముద్ర వేసిన రశీదు కూడా ఇచ్చారు. బ్రిడ్జిని బాగుచేయమని అడిగాను, అంతే. ఇంకొక్క మాట ఎక్కువ రాయలేదు.

పది రోజుల్లో ఫలితం కనిపించింది. బ్రిడ్జి బాగుపడలేదు, బస్సు ఆగిపోయింది. మార్గం సురక్షితంగా లేనందున, ప్రయాణికుల భద్రత దృష్ట్యా సర్వీసు నిలిపివేశామని బస్సు ఆగే చోట కాగితం అతికించారు.

ఊరు ఊరంతా నా మీద పడింది. "పడ్తదో పడదో తెల్వని బ్రిడ్జి కోసం ఉన్న బస్సు పోగొడ్తివి గదనే టీచరక్కా! నీ నోటి దూల తీరెనా?" అని బోరింగు దగ్గర పదిమందిలో అడిగింది మా వాడకట్టు ఆమె. కాలేజీ పిల్లలు ఆటోలో ఒకరి మీద ఒకరు కూర్చుని పోయేవాళ్లు. ఆ ఆటోలు కూడా అదే బ్రిడ్జి మీదుగా పోయేవి, వాటి భద్రత ఎవరికీ పట్టలేదు. రోజూ ఆటోకు పెట్టలేక ఇద్దరు ఆడపిల్లలు చదువు మానేసి పత్తి ఏరడానికి పోయారు. వాళ్లలో ఒకతె చిన్నప్పుడు నా కేంద్రంలోనే పలక పట్టింది. ఆ తల్లి ఎదురుపడితే నేనే పక్క సందులోకి తిరిగేదాన్ని. సిగ్గేసేది.

అయినా నా బుద్ధి ఊరుకోదు కదా. అడిగినవాళ్లను ఊరి చేతనే తిట్టిస్తే, ఇంకోసారి ఎవరూ అడగరు. ఆ కాగితం అతికించినవాడికి ఈ సంగతి తెలియకుండా ఉంటుందా? మా ఆయనతో అంటే, "నీకు అందరు దొంగలే. లగ్గం ముందు నన్ను గూడ మీ బాపు తీర్గ కొట్టి సూడకపోతివా" అన్నాడు. చూడాల్సిందే, అన్నాను.

చలికాలంలో పని మొదలైంది. చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కట్టి, అటు రావద్దని తరిమి, నాలుగు రోజుల్లో ముగించారు. గుడ్డ తీసేసరికి పగులు లేదు. దాని మీద నున్నని సిమెంటు పూత ఉంది. అంచున కొత్త రాళ్లు, వాటికి పసుపు నలుపు చారలు. ఊళ్లో వాళ్లు చూసి సంబరపడ్డారు. వాగు ఎండి ఉంది కదా అని, ఒక ఆదివారం బ్రిడ్జి కిందికి దిగి గుండ్రాయితో ఆ పూత పొడుగునా కొట్టుకుంటూ పోయాను. రెండు మూడు చోట్ల గట్టిగా పలికింది, మిగతా అంతా డొల్ల. పైన పటారం లోన లొటారం.

నేను ఇంజినీర్‌ను కాను. పూత మాత్రమే డొల్లేమో, లోపల గట్టిగానే ఉందేమో. కానీ లోపల ఏం చేశారో చెప్పే కాగితం ఎవరైనా చూపించాలి కదా? రోడ్ల ఆఫీసుకు పోయి అడిగితే, పని నాణ్యంగా పూర్తయిందని నోటితో చెప్పారు.

బస్సు మళ్లీ వచ్చింది, అదే డ్రైవర్. మొదటి రోజు వాగు దగ్గర జనం అలవాటుగా లేచారు. బస్సు ఆగలేదు. లేచినవాళ్లు కడ్డీలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. దాటిన తర్వాత నేను డ్రైవర్ దగ్గరికి పోయాను.

ఆయన నా వైపు తిరగకుండానే అన్నాడు: "మెమో ఇచ్చిండ్రక్కా. మిమ్మల్ని దింపితె, బ్రిడ్జి మంచిగ లేదని నేనే పుకారు లేపినట్టట. నౌకరీ పోతది."

వారం తిరిగేసరికి అందరూ లేవడం మానేశారు. ఫోన్లు చూసుకుంటూ దాటేస్తున్నారు. నువ్వైనా దిగి నడువమని బిడ్డకు చెప్పాను. ఒక్కదాని కోసం బస్సు ఆగుతుందా అంది. అదీ నిజమే. పొద్దున అది బస్సెక్కిన దగ్గర్నుంచి కాలేజీ చేరినట్టు ఫోన్ చేసేదాకా నాకు కేంద్రంలో పిల్లల లెక్క తప్పేది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అర్జీ పెడితే బస్సు పోతుంది, పెట్టకపోతే బిడ్డ ఆ పూత మీదుగా పోతుంది. చివరికి ఇంట్లో కూడా చెప్పకుండా రెండో అర్జీ పెట్టాను. ఈసారి చాలా ఒడుపుగా రాశాననుకున్నాను. బ్రిడ్జి బాగాలేదని ఎక్కడా అనలేదు. బరువు పరీక్ష చేసి ఉంటే ఆ కాగితం నకలు ఇప్పించమని మాత్రం అడిగాను.

కాగితం రాలేదు, మనుషులు వచ్చారు.

ఆ రోజు బిడ్డకు ప్రాక్టికల్ పరీక్ష. దాన్ని ఎక్కించడానికి వస్తే, బస్సు నిండా జనం, దిగే దారి దగ్గర డిపో నుంచి వచ్చిన ఒకాయన. ఇవాళ ఆఫీసర్లు బ్రిడ్జిని చూస్తారని, అందరూ సీట్లలోనే ఉండాలని చెబుతున్నాడు. నేనూ ఎక్కాను. వాగుకు ఇవతల బస్సు ఆపించారు. అవతలి ఒడ్డున తెల్ల జీపు ఆగింది. రోడ్ల ఆఫీసు ఇంజినీర్ గారు అందులోంచి దిగి, బ్రిడ్జి మీద నడుచుకుంటూ మా వైపు వచ్చారు. ఆయన ఈ ఒడ్డుకు చేరాకే, డ్రైవర్ ఒక్కడే కూర్చున్న జీపు ఆయన వెనక దాటింది.

నా ఒళ్లు మండిపోయింది. బస్సులోంచి దిగి ఎదురుగా నిలబడ్డాను.

"సార్, మీరెందుకు దిగిండ్రు?"

"చూడ్డానికి వచ్చాను కదమ్మా. నడిస్తేనే తెలుస్తుంది" అన్నారు.

"చూసిండ్రు గదా. ఇగ మాతోటి బస్సుల కూసోండ్రి. అందరం కలిసి దాటుదం."

"నేను బస్సులో కూర్చుంటే ఫొటో ఎవరు తీస్తారు?" అని నవ్వి, పక్కనున్న కుర్చీలాంటి బండరాయి మీద కాలు పెట్టి ఫోన్ బయటికి తీశారు.

కిటికీల్లోంచి అందరూ చూశారు, విన్నారు. మొదట బోరింగు దగ్గర నన్ను తిట్టిన ఆమె దిగింది. "సారే దిగినంక మనకేం పుట్టింది, లోపల కూసోనీకి?" అంటూ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బ్రిడ్జి మీదికి నడిచింది. ఆమె వెనక ఒకరి తర్వాత ఒకరు దిగారు. డిపో ఆయన అరుస్తూనే ఉన్నాడు, ఎవరూ వినలేదు. బస్సు ఖాళీ అయింది. అన్ని నెలల తర్వాత ఊరు నా పక్కన నిలబడింది.

అప్పుడు చూశాను, కిటికీ పక్కన నా బిడ్డ ఒక్కతే కూర్చుని ఉంది. రికార్డు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, కదలకుండా.

"దిగు బిడ్డా" అన్నాను.

"నేను దిగ."

"అందరు దిగిండ్రు గదనే!"

"అందుకే దిగ. అందరు దిగితె, గీ బస్సు జనం ఎక్కుతలేరని రాసుకుంటరు. రేపటి సంది బస్సు ఉండది. ఒక్కరన్న కూసుంటె అట్ల రాయరాదు. ఇంకెంతమంది చదువు బంద్ చేయిస్తవమ్మా?"

డిపో ఆయన చేతిలో నిజంగానే పుస్తకం, పెన్ను ఉన్నాయి. నేను ఆయన్నీ చూశాను, బిడ్డనూ చూశాను. దానికి పదిహేడేళ్లు. నాకంటే ఎక్కువ అనుమానం నేర్చింది. నేను బ్రిడ్జిని అనుమానించాను, అది రాసేవాడి చేతిని అనుమానించింది. దాన్ని లాగి దింపే బలం నా చేతుల్లో ఉంది. కానీ దింపలేకపోయాను. ఎక్కి దాని పక్కన కూర్చున్నాను.

డ్రైవర్ అద్దంలోంచి మమ్మల్ని చూసి, ఏదో ప్రార్థన గొణుక్కుని, గేరు వేశాడు. నేను బిడ్డ చెయ్యి పట్టుకుని కిటికీలోంచి చక్రాల వైపే చూస్తూ, "మెల్లగ, అన్నా, మెల్లగ!" అని అరుస్తూనే ఉన్నాను. కింద సన్నగా ఏదో రాలిన చప్పుడైంది. మట్టో, సిమెంటో. అవతలి ఒడ్డుకు చేరాం. బ్రిడ్జి పడలేదు. బిడ్డ పరీక్ష బాగా రాసింది. బస్సు ఇప్పటికీ నడుస్తోంది, దిగి నడవాలనుకున్నవాళ్లను డ్రైవర్ చూసీ చూడనట్టు దించుతున్నాడు.

నెల తర్వాత నా అర్జీకి జవాబు వచ్చింది. బరువు పరీక్ష ఊసే లేదు. "ఫిర్యాదుదారు స్వయంగా తమ కుమార్తెతో కలిసి సదరు వంతెనపై బస్సులో ప్రయాణించి, పనుల నాణ్యతపై సంతృప్తి వ్యక్తం చేసినందున ఫిర్యాదును ముగించడమైనది." కింద రుజువుగా రంగుల ఫొటో అచ్చువేశారు. కిటికీలో నేను. నోరు తెరిచి ఉంది, పళ్లు కనిపిస్తున్నాయి. అది అరుపని నాకు తెలుసు, నా బిడ్డకు తెలుసు. తెలియనివాళ్లు చూస్తే నవ్వుతున్నాననే అనుకుంటారు. రేపెప్పుడైనా ఆ బ్రిడ్జికి ఏమైనా అయితే, బాగుందని చెప్పింది ఎవరని వెతుకుతూ ఎవరైనా ఆ ఫైలు తెరిస్తే, మొదట కనిపించేది నా మొహమే.